లూజ్ షంటింగ్ చేయరాదు

ఇర్వింగ్‌లో మా పడకగది క్లోజెట్ పై అరలో ఒక అట్టపెట్టె ఉంది. దాని నాలుగు వైపులా మార్కర్ పెన్నుతో, లావుపాటి అక్షరాలతో “లూజ్ షంటింగ్ చేయరాదు” అని రాసి ఉంటుంది. ఇంటికొచ్చిన స్నేహితులెవరైనా చూస్తే ఇదేం మంత్రమని అడుగుతారు. ఆ అక్షరాలు మా బాపువి. ఆయన కాజీపేటలో రైల్వే డ్రైవరుగా పనిచేసి రిటైరయ్యారు. క్లీనరుగా చేరి, ఫైర్‌మన్‌గా బొగ్గు వేసి, ఆవిరి ఇంజన్ల మీద మొదలుపెట్టి డీజిల్ ఇంజన్ల మీద పని ముగించిన తరం వారిది. ఆ పెట్టెలో ఉన్నది ఒక బొమ్మ రైలు.

రైల్వే కాలనీలో పెరగని వారి కోసం ఆ మాటకు అర్థం చెప్పాలి. యార్డులో బండ్లను విడదీసి కలిపేటప్పుడు ఇంజను ఒక వ్యాగన్ని ముందుకు తోసి వదిలేస్తుంది. అది తనంతట తాను దొర్లుకుంటూ పోయి, అవతల నిలబడి ఉన్న వ్యాగన్లను ఢీకొని ఆగుతుంది. దీన్నే లూజ్ షంటింగ్ అంటారు. బొగ్గో రాయో ఉన్న వ్యాగన్‌కి దానివల్ల పెద్దగా నష్టం లేదు. ప్రయాణికుల పెట్టెలకూ, పెట్రోలు ట్యాంకర్లకూ, పేలుడు పదార్థాల వ్యాగన్లకూ అలా చేస్తే ప్రమాదం. అందుకే వాటి మీద “నాట్ టు బి లూజ్ షంటెడ్” అని పెయింటుతో రాసి ఉంటుంది. ఈసారి ఇండియా వెళ్ళినప్పుడు ప్లాట్‌ఫాం మీద నిలబడి చూడండి, కనబడుతుంది.

బొమ్మ రైళ్ళ గురించి, బొమ్మ కార్ల గురించి ఇంత పెద్ద వ్యాసమా అని మీరు నవ్వుకోవచ్చు. కానీ ఒక్కసారి మీ ఇల్లు కలియజూడండి. పిల్లవాడు గ్రోసరీ షాపులో మారాం చేసి కొనిపించుకున్న హాట్ వీల్స్ కార్లు ఎన్ని ఉన్నాయి? క్రిస్మస్ చెట్టు చుట్టూ తిప్పడానికి కొన్న రైలు మిగతా పదకొండు నెలలు ఎక్కడుంటుంది? మా ఇంట్లోనైతే సంక్రాంతి బొమ్మల కొలువు కింద మెట్టు చుట్టూ కూడా అదే రైలు తిరిగేది. పిల్లలు కాలేజీకి వెళ్ళాక ఈ సామానంతా ఏ ప్లాస్టిక్ డబ్బాలోకో తోసి గరాజ్‌లో పెడతాం. పదేళ్ళ తరువాత తెరిచి చూసి బాధపడతాం. నేను ముందే తెరిచి, ముందే బాధపడ్డాను. వృత్తిరీత్యా సాఫ్ట్‌వేర్ వాణ్ణి కనక, ఏదైనా పాడైతే ఎందుకు పాడైందో తెలిసేదాకా నిద్ర పట్టదు. ఆ తెలుసుకున్నదే ఇక్కడ రాస్తున్నాను.

నా చిన్నప్పుడు, 1980ల చివర్లో, బాపు సికింద్రాబాద్ డ్యూటీకి వెళ్ళినప్పుడల్లా ఒక చిన్న కారు తెచ్చేవారు. అడుగున “మేడ్ ఇన్ ఇండియా” అని ఉండే లియో హాట్ వీల్స్ కార్లు. అలాంటివి తొమ్మిది నాతోపాటు అమెరికా వచ్చాయి. వాటిని మెత్తటి ప్లాస్టిక్ జిప్ పౌచ్‌లో పెట్టి, పౌచ్‌ని గరాజ్‌లో షెల్ఫు మీద పెట్టాను. భద్రంగా పెట్టానన్నది నా నమ్మకం. 2011 వేసవి వచ్చింది. అప్పుడు డాలస్ ప్రాంతంలో ఉన్నవాళ్ళు ఆ వేసవిని మరచిపోరు. ఆ ఏడాది నూరు డిగ్రీలు దాటిన రోజులు 71. అక్టోబర్‌లో పౌచ్ తెరవబోతే లోపలి పొర కార్ల రంగుకు అతుక్కుపోయి ఉంది. లాగితే ఎర్ర కారు పైకప్పు రంగు పౌచ్‌తో పాటే వచ్చేసింది.

జరిగిందేమిటంటే, ఆ మెత్తటి ప్లాస్టిక్ పీవీసీ. పీవీసీ సహజంగా గట్టిగా ఉంటుంది. దాన్ని మెత్తగా చేయడానికి ప్లాస్టిసైజర్ అనే నూనెలాంటి పదార్థం కలుపుతారు. అది అక్కడే కట్టుబడి ఉండదు, మెల్లగా బయటికి ఊరుతుంది. వేడి ఎక్కువైతే ఇంకా తొందరగా ఊరి, ఆనుకుని ఉన్న పెయింటును మెత్తబరుస్తుంది. పాత బొమ్మ కార్లలో మెత్తటి వినైల్ టైర్లు తమ చక్రాల ప్లాస్టిక్‌నే కొరుక్కు తినడానికీ ఇదే కారణం.

కాబట్టి టెక్సస్‌లో ఉండేవారికి మొట్టమొదటి శత్రువు వేడి. ఇక్కడి బంకమట్టి నేల వానకు ఉబ్బి, ఎండకు కుంచించుకుపోతుంది కనక మన ఇళ్ళకు బేస్‌మెంట్లు ఉండవు. న్యూజెర్సీ వాళ్ళు నేలమాళిగలో దాచుకునే సామాను మనం గరాజ్‌లోనో ఆటిక్‌లోనో దాస్తాం. వేసవి మధ్యాహ్నం ఆటిక్‌లో 130 డిగ్రీల ఫారన్‌హీట్ దాటడం మామూలే. రైలు పెట్టెలు తయారుచేసే పాలీస్టైరీన్ ప్లాస్టిక్ 212 డిగ్రీల దగ్గర గాని పూర్తిగా మెత్తబడదు, మరి 130కి ఏమవుతుందని నేనూ అనుకున్నాను. ఆ వేడిలో ఏదైనా బరువు మోస్తూ నెలల తరబడి కూర్చుంటే అది కొంచెం కొంచెంగా వంగుతుంది. నా దగ్గర ఒక గూడ్సు పెట్టె అరటికాయలా వంగిపోయింది, పైన పెట్టిన పట్టాల కట్ట బరువుకు. పైగా వేడికి ప్లాస్టిక్ సాగినంత లోహం సాగదు. రెండు మూడు రెట్ల తేడా ఉంటుంది. పగలు సాగి రాత్రి కుంచించుకుంటూ ఉంటే రెంటినీ కలిపిన జిగురు ఎక్కడో ఒకచోట విడిపోతుంది.

ఆటిక్‌కి ఇంకో ప్రమాదం కూడా ఉందని 2021 ఫిబ్రవరిలో తెలిసింది. ఆ నెల 16న డాలస్ విమానాశ్రయం దగ్గర మైనస్ 2 డిగ్రీల ఫారన్‌హీట్ నమోదైంది. కరెంటు లేక, ఆటిక్‌లలో నీళ్ళ పైపులు గడ్డకట్టి పగిలి, ఎన్నో ఇళ్ళలో సీలింగులు కూలాయి. మా వీధిలో ఒకాయన ముప్పై ఏళ్ళుగా కూడబెట్టిన రైళ్ళ అట్టపెట్టెలు నీళ్ళు పీల్చుకుని డ్రైవ్‌వే మీద వరసగా ఆరేసి ఉండటం చూశాను. పలకరించడానికి మాట రాలేదు.

(ప్రసంగవశాత్తు ఒక మాట. కొలువు బొమ్మల్లో ఏటికొప్పాక లక్క బొమ్మలున్నవారు వాటిని ఆటిక్‌లో పెట్టకండి. లక్క వేడికి మెత్తబడే పదార్థం. తిరుగుతున్న కొయ్యకు లక్క కడ్డీని ఆనించి, ఆ రాపిడి వేడికే కరిగించి పూత వేస్తారు. వేడితో ఎక్కిన పూత వేడికి పక్క బొమ్మను అంటుకుంటుంది.)

మరి ఎక్కడ పెట్టాలి? ఇంటి మధ్యలో, బయటి గోడకు ఆనని క్లోజెట్‌లో. మనుషులకు హాయిగా ఉండే వేడిమీ తేమా బొమ్మలకూ హాయే. గాలిలో తేమ 40, 50 శాతం మధ్య ఉంటే చాలు. పది డాలర్లకు దొరికే చిన్న మీటరు ఒకటి పెట్టుకుంటే ఊహలతో పని లేదు. ఎండ నేరుగా పడే కిటికీ దగ్గర అద్దాల బీరువా పెట్టి మురిసిపోయేవారిని చూశాను. ఎర్ర రంగు అన్నిటికంటే ముందు వెలిసిపోతుంది.

తరువాత ఆలోచించాల్సింది వస్తువును ఏది ముట్టుకుని ఉందన్నది. రవాణాకు పనికొచ్చే చాలా వస్తువులు నిల్వకు పనికిరావు. ఈ తేడా నాకు చాలాకాలం తెలియలేదు. బబుల్ ర్యాప్ రెండు రోజుల ప్రయాణానికి బంగారం. రెండేళ్ళు చుట్టి ఉంచితే పెయింటు మీద గుండ్రటి మచ్చలు వదులుతుంది. తప్పనిసరైతే బుడగలు బయటికి ఉండేలా, మధ్యలో పలచటి కాగితం వేసి చుట్టాలి. వార్తాపత్రిక సిరా అంటుకుంటుంది, కాగితంలో ఆమ్లమూ ఉంటుంది. పాత కెమెరా పెట్టెల్లో ఉండే మెత్తటి పాలీయురేథేన్ స్పాంజి కొన్నేళ్ళకు జిగురు జిగురుగా మారి పొడి పొడిగా రాలుతుంది. ఆ పొడి ఇంజను గేర్లలోకి పోతే అంతే సంగతులు. రబ్బరు బ్యాండ్లు కరిగి అంటుకుంటాయి. నేను నమ్మేవి మూడే: ఆమ్లం లేని తెల్ల టిష్యూ కాగితం, పాలీఎథిలీన్ ఫోమ్, ఉతికిన పాత నూలు గుడ్డ. గుడ్డ సంగతి చివర్లో చెబుతాను.

డై-కాస్ట్ కార్ల విషయంలో ఇంకొక జబ్బు ఉంది. దీనికి మందు లేదు. డై-కాస్ట్ అంటే కరిగించిన లోహాన్ని ఒత్తిడితో ఉక్కు అచ్చులోకి పంపి పోత పోయడం. ఆ లోహం ముఖ్యంగా జింకు, కొద్దిగా అల్యూమినియం. జింకులో సీసం లాంటి మలినం రవ్వంత కలిసినా, ఏళ్ళు గడిచే కొద్దీ లోహపు రేణువుల మధ్య తుప్పు పుట్టి, వస్తువు లోపలినుంచే ఉబ్బి, బీటలు వారి, బిస్కట్టులా విరిగిపోతుంది. దీన్ని జింక్ పెస్ట్ అంటారు. 1929లో న్యూజెర్సీ జింక్ కంపెనీ చాలా శుద్ధమైన జింకుతో జమాక్ అనే మిశ్రలోహాన్ని తీసుకొచ్చింది. జర్మన్‌లో జింకు, అల్యూమినియం, మెగ్నీషియం, రాగి పేర్ల మొదటి అక్షరాలతో కూర్చిన పేరు అది. అయినా ఎవరో ఒకరు చవక లోహం కలుపుతూనే ఉన్నారు కనక, రెండో ప్రపంచ యుద్ధానికి ముందరి బొమ్మల్లో ఈ జబ్బు ఎక్కువగానూ, తరువాతి వాటిలో అప్పుడప్పుడూ కనబడుతుంది. ఇది అంటువ్యాధి కాదు, ఒక కారునుంచి ఇంకో కారుకి రాదు. వేడి, తేమ ఉంటే ముదురుతుంది, లేకపోతే నెమ్మదిస్తుంది. పాత వస్తువులు కొనేముందు సన్నటి బీటల కోసం భూతద్దంతో చూసుకోండి.

పిల్లల కార్లకు మాత్రం ఇంత చాదస్తం అక్కరలేదు. ఒకదానికొకటి తగలకుండా అరలున్న డబ్బా చాలు, చేపలు పట్టేవారు గాలాలు పెట్టుకునే డబ్బా ఇందుకు సరిగ్గా సరిపోతుంది. రబ్బరు టైర్లున్న పెద్ద కార్లను మాత్రం చక్రాల మీద బరువు పడకుండా, అడుగు భాగం కింద చిన్న దిమ్మె పెట్టి నిలపాలి. లేకపోతే టైర్లు ఒకవైపు చదును అవుతాయి.

ఇప్పుడు రైలు సంగతికి వద్దాం. 2012లో బాపు, అమ్మ ఆర్నెల్లు మా దగ్గర ఉన్నారు. ఇర్వింగ్ ఊరు పుట్టిందే రైలు పట్టాల పక్కన. 1903లో రాక్ ఐలాండ్ రైలు మార్గాన్ని ఆనుకుని వెలసిన ఊరిది. ఇప్పుడు డాలస్-ఫోర్ట్‌వర్త్ మధ్య నడిచే ట్రినిటీ రైల్వే ఎక్స్‌ప్రెస్ ఆ దారినే వెళుతుంది. బాపుని డౌన్‌టౌన్ ఇర్వింగ్ స్టేషనుకి తీసుకెళ్ళాను. ఆయన బండికన్నా ముందు పట్టాలు చూశారు. “ఏందిరా, సన్నగున్నది?” అన్నారు. నిజమే. మన బ్రాడ్‌గేజి 1676 మిల్లీమీటర్లు, ఇక్కడిది 1435. పాతిక సెంటీమీటర్ల తేడాని ఆయన కన్ను దూరంనుంచే పట్టేసింది.

ఆ శనివారం బొమ్మ రైళ్ళ దుకాణంలో ఆయన ఒక ఇంజను ముందు ఆగిపోయారు. ఆల్కో ఆర్‌ఎస్-3, హెచ్‌ఓ స్కేలు, అంటే అసలు దానిలో 87వ వంతు. ఎందుకు ఆగారో నాకు తరువాత తెలిసింది. బాపు ఎక్కువకాలం నడిపింది డబ్ల్యూడీఎం-2 డీజిల్ ఇంజన్లు. ఆ ఇంజన్‌ని రూపొందించింది న్యూయార్క్ రాష్ట్రంలో షెనెక్టడీలో ఉండిన అమెరికన్ లోకోమోటివ్ కంపెనీ, అదే ఆల్కో. 1962లో మొదటివి ఓడల్లో వచ్చాయి, 1964నుంచి వారణాసిలో తయారయ్యాయి. అంతకుముందు ఆయన బొగ్గు వేసిన డబ్ల్యూపీ తరగతి ఆవిరి ఇంజన్లలో మొట్టమొదటివి 1947లో ఫిలడెల్ఫియా వాళ్ళు, బాల్డ్విన్ కంపెనీ, చేసి పంపినవే. నేను అమెరికా రాకముందు ముప్పై ఏళ్ళకుపైగా మా ఇల్లు అమెరికా ఇంజన్ల మీదే బతికిందన్నమాట. “గీడిది గదే మా బండికి తాత,” అని ఆయన తేల్చారు. ఇంజనూ, ఏడు గూడ్సు పెట్టెలూ, ఎర్ర గార్డు పెట్టే కొన్నాం. మా అబ్బాయికి అప్పుడు నాలుగేళ్ళు. ఆ ఆర్నెల్లూ డైనింగ్ టేబుల్ మీద మేం భోజనం చేయలేదు.

2014లో ఇండియా వెళ్ళేటప్పుడు ఆ రైలుని బాపుకి తీసుకెళ్ళాలని నిశ్చయించాం. ప్యాకింగ్ నేనే చేశాను. ఇంజన్‌ని మూడు పొరల బబుల్ ర్యాప్‌లో చుట్టి, పెట్టెలతో పాటు ఒక డబ్బాలో వేసి, డబ్బాని సూట్‌కేసులో చీరల మధ్య పెట్టాను. కాజీపేటలో తెరిచేసరికి ఇంజను ముందరి కప్లింగ్ విరిగింది, చేతికమ్మీలు మూడు ఊడిపోయాయి, గూడ్సు పెట్టె ఒకదాని మెట్లు పొడి అయ్యాయి. బాపు ఏమీ అనలేదు. ముక్కలన్నీ పళ్ళెంలో వరసగా పెట్టుకుని, కళ్ళజోడు తుడుచుకుని, “బిడ్డా, దీన్ని లూజ్ షంటింగ్ చేసినవ్ రా,” అన్నారు.

ఆ మాటతో నాకు మొత్తం అర్థమైంది. డబ్బా లోపల ఇంజను కదలడానికి రెండంగుళాల ఖాళీ ఉంది. సూట్‌కేసు పడ్డ ప్రతిసారీ ఇంజను ఆ రెండంగుళాలూ దొర్లి, అవతలి పెట్టెను ఢీకొట్టింది. దాదాపు అరకిలో బరువున్న ఇంజను ఆ డబ్బాలో సుత్తి అయింది.

ఇంజనీరింగ్ చదివినందుకు ఒక చిన్న లెక్క చెప్పనివ్వండి. వస్తువు పడి ఆగేటప్పుడు దాని మీద పడే బలం సగటున దాని బరువుకి ఎన్ని రెట్లంటే, పడిన ఎత్తుని ఆగడానికి పట్టిన దూరంతో భాగిస్తే వచ్చినన్ని రెట్లు. మూడడుగుల ఎత్తునుంచి, అంటే సుమారు 900 మిల్లీమీటర్లనుంచి పడి, 3 మిల్లీమీటర్లలో ఆగితే 300 రెట్లు. 400 గ్రాముల ఇంజన్ మీద 120 కిలోల దెబ్బ. అదే 30 మిల్లీమీటర్ల ఫోమ్ నొక్కుకుంటూ ఆగితే 30 రెట్లు, 12 కిలోలు. ప్యాకింగ్ చేసే పని ఇంతే, ఆగడానికి దూరం కల్పించడం. ఫోమ్ మరీ మెత్తనైతే అడుగంటా నొక్కుకుపోయి గోడకు కొడుతుంది. మరీ గట్టిదైతే చెక్కతో సమానం. బొటనవేలితో నొక్కితే సగం దాకా దిగి తిరిగి లేచేది సరైనది.

బాపు ఇంకొకటి కూడా చెప్పారు. పట్టాలు తప్పిన ఇంజన్ని క్రేనుతో ఎత్తేటప్పుడు చక్రాలకు తాళ్ళు కట్టరు, ఫ్రేముకే కడతారు. బొమ్మకీ అంతే. బరువంతా ఇంజను బాడీ మోయాలి. చక్రాలు, కమ్మీలు, కప్లింగులు ఖాళీలో ఉండాలి, వాటిని ఏదీ నొక్కకూడదు. అందుకని ఫోమ్‌లో ఇంజను ఆకారాన్ని కోసి, ఆ చివరా ఈ చివరా వేలు పట్టేంత ఖాళీ వదిలి, బాడీ మాత్రం గట్టిగా పట్టుకునేలా కూర్చోబెడతాను. కొన్నప్పుడు వచ్చిన అసలు డబ్బా ఉంటే అదే అన్నిటికన్నా మేలు, దాన్ని పారేయకండి. ఒక్కొక్క బండి విడిగా, కప్లింగులు విడదీసి, టిష్యూలో చుట్టి దాని గదిలో దానిని పెట్టాలి. బరువైనది అడుగున. ఆ పెట్టెను ఇంకో పెద్ద పెట్టెలో, చుట్టూ రెండంగుళాల మెత్త ఉండేలా పెట్టాలి. అన్నీ అయ్యాక చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూడండి. ఏదైనా గలగలమంటే మళ్ళీ విప్పాల్సిందే, బద్ధకించకూడదు.

అసలు రైళ్ళనే ఎలా తరలిస్తారో ఆ మరుసటేడాది బాపుకి ఫోనులో చెప్పాను. డాలస్ ఫెయిర్ పార్కులో ఏళ్ళ తరబడి ఉన్న బిగ్ బాయ్ 4018 అనే ఆవిరి ఇంజన్ని 2013 ఆగస్టులో పట్టాల మీదుగానే ఫ్రిస్కోకి తీసుకెళ్ళారు. 1941, 1944లలో ఆల్కో చేసిన 25 బిగ్ బాయ్ ఇంజన్లలో అదొకటి. దశాబ్దాలుగా కదలని బండిని లాగాలంటే ఎన్నెన్ని చూసుకోవాలో ఆయనే నాకు గంటసేపు చెప్పారు. ఫ్రిస్కోలో అమెరికన్ రైల్‌రోడ్ మ్యూజియంలో దాన్ని చూడవచ్చు. పిల్లల్ని తీసుకెళ్ళండి.

విమానాశ్రయంలో అనుసరించాల్సిన పద్ధతి వేరే ఉంది. ఇంజన్‌ని చేతిసంచీలోనే తీసుకెళ్ళడం మంచిది. ఎక్స్‌రేలో అది చిక్కటి నల్ల దిమ్మెలా, లోపల మోటారు తీగలతో కనబడుతుంది కనక తెరవమంటారు. అది వారి పని, విసుక్కోకూడదు. అసలు సంగతేమిటంటే, తెరిచేది మీరు కాదు, మళ్ళీ సర్దేదీ మీరు కాకపోవచ్చు. అందుకని ఏ వైపు పైకి ఉండాలో, ఏది ఎక్కడ పెట్టాలో తెలిసేలా సర్దిన పెట్టె ఫొటో ఒకటి మూతకు లోపల అంటించండి. టేపుతో బిగించవద్దు, విప్పి కట్టగలిగే నాడా వాడండి. పొగ నూనె, జిగురు, పెయింటు సీసాలు పెట్టకండి. లిథియం బ్యాటరీలు విడిగా ఉంటే చేతిసంచీలోనే ఉండాలి. కొన్న రసీదు దగ్గర ఉంచుకుంటే కస్టమ్స్‌లో విలువ గురించి వాదన ఉండదు.

అమెరికాలో కొన్న పాత పవర్ ప్యాక్ 120 వోల్టులకు చేసినది. దాన్ని ఇండియాలో 230 వోల్టుల ప్లగ్గుకి పెట్టిన మరుక్షణం మా ముందుగదిలో వాసన వచ్చింది, అంతే. వెనకవైపు 100-240 అని రాసి ఉన్నదే తీసుకెళ్ళండి.

ఇక కాజీపేటలో నిల్వ. వానాకాలం మూడు నెలలు తేమ, మిగతా కాలం దుమ్ము. బాపు రైలుని స్టీలు బీరువాలో దాచేవారు. 2017లో మేం వెళ్ళేసరికి రెండు గూడ్సు పెట్టెల పైకప్పులు బంకబంకగా అయి, వేలిముద్రలు పడి ఉన్నాయి. ఒకటి కింద గుడ్డకు అతుక్కుపోయింది. ఎంత ఆలోచించినా కారణం తట్టలేదు. మూడో రోజు అమ్మ తనంతట తనే చెప్పింది: “పురుగు పట్టొద్దని నేనే డాంబర్ గోలీలు ఏసిన బిడ్డా. పట్టుచీరలల్ల ఏసినట్టే.” కోస్తావారు కలరా ఉండలంటారు, అవే. నాఫ్తలీన్ ఆవిరి పాలీస్టైరీన్‌ని మెత్తబరుస్తుంది. మూసిన బీరువాలో ఆవిరి బయటికి పోయే దారి లేదు. పట్టుచీరకు రక్ష అయినది రైలుకి విషమైంది. అమ్మకి ఆ సంగతి పూర్తిగా చెప్పలేదు, వానకు అలా అయిందన్నాను. ఆమె నమ్మినట్టు లేదు. ఆ తరువాత ఆ బీరువాలో గోలీలు కనబడలేదు, చీరలు వేరే పెట్టెలోకి మారాయి. తేమకోసం సిలికా జెల్ పొట్లాలు వేశాం. తేమ పీల్చి రంగు మారే రకం తీసుకుంటే, మారినప్పుడల్లా సన్న సెగ మీద వేడిచేసి మళ్ళీ వాడుకోవచ్చు.

2024 డిసెంబరులో వెళ్ళాను. బాపుకి డెబ్బై ఏడు. రైలు బీరువాలో లేదు. ముందుగదిలో కుర్చీ పక్కన ఈ అట్టపెట్టె కట్టి ఉంది. “నా చెయ్యి వణుకుతున్నది. పట్టాల మీద ఎక్కియ్యలేకపోతున్న. పిల్లగానికి తీస్కపో,” అన్నారు. నేను విప్పి నా పద్ధతిలో మళ్ళీ సర్దుతానన్నాను. వద్దన్నారు. “డ్రైవరు నేను. బండి తయారుగున్నది అని నేన్ జెప్పిన,” అన్నారు. ఆ మాట మీద ఇక మాట్లాడలేదు. పెట్టెను ఒళ్ళో పెట్టుకుని దోహా దాకా, దోహానుంచి డాలస్ దాకా కూర్చున్నాను. సెక్యూరిటీలో ఒకసారి తెరిపించారు. లోపలి కాగితం చూసి ఆ అమ్మాయి నవ్వి, తనే జాగ్రత్తగా మూసింది.

ఇర్వింగ్‌లో మా అబ్బాయి విప్పాడు. ఇప్పుడు వాడికి పదహారేళ్ళు. ఒక్కొక్క బండికీ పాత నూలు పంచె ముక్క, గంజి లేకుండా ఉతికినది. మధ్యలో అట్టముక్కలతో గదులు. ఇంజను కప్లింగుల దగ్గర వేలు పట్టేంత ఖాళీ. విరిగినది ఒక్కటీ లేదు. పైన కాగితం మీద తెలుగులో, పక్కనే ఇంగ్లీషులో, బండ్ల వరస: ఇంజను, తరువాత ఒకటినుంచి ఏడు. ఎనిమిదో గది ఖాళీ. గార్డు పెట్టె లేదు. 2022లో రైల్వేవారు గార్డు పేరు మార్చి ట్రెయిన్ మేనేజర్ అన్నారు, బాపు మాత్రం ఆ మాట ఇప్పటికీ అనరు.

ఫోను చేశాను. “అది నా తాన ఉంచుకున్న, టీవీ మీద పెట్టిన,” అన్నారు. గార్డు పెట్టె లేకుండా బండి ఎట్లా నడుపుతామని మనవడు అడిగాడు. ఏడో పెట్టె వెనక చూడమన్నారు. రైలు చివరి పెట్టెకు ఎల్.వి. అని చిన్న బోర్డు తగిలిస్తారు. లాస్ట్ వెహికిల్ అని. దాన్ని చూసి స్టేషనువాళ్ళు బండి మధ్యలో ఎక్కడా తెగిపోకుండా మొత్తం వచ్చిందని తెలుసుకుంటారు. ఏడో గూడ్సు పెట్టె వెనక దారంతో కట్టిన వేలిగోరంత అట్టముక్క ఉంది. దాని మీద వణికిన చేత్తో రాసిన రెండు అక్షరాలు, ఎల్.వి.